సినిమా సభలో రాజకీయం, రైతు సభలో సినిమా: రెండూ వద్దు



పోయిన నెల జిల్లా కమిటీ కూర్చుని రాబోయే మహాసభ గురించి మాట్లాడుకున్నప్పుడు ఒక ప్రతిపాదన వచ్చింది. ఎవరైనా సినిమా హీరోని పిలుద్దాం, హీరో దొరక్కపోతే పేరున్న హాస్యనటుడినైనా పిలుద్దాం, జనం వస్తారు, టీవీలవాళ్ళు వస్తారు అని. అన్న కుర్రాడు మన కార్యకర్తే. మంచి మనసుతోనే అన్నాడు. కిందటి సభలో సగం కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పేపర్లో జిల్లా పేజీలో నాలుగు లైన్లు కూడా రాలేదు. ఆ బాధ మా అందరికీ ఉంది. అయినా మేము వద్దన్నాం. కమిటీలో కొందరికి ఇది నచ్చలేదు. నటులంటే మీకు చిన్నచూపా అని అడిగారు. కాబట్టి మా మాట అందరి ముందూ పెడుతున్నాం.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. నటుడికి రాజకీయ అభిప్రాయం ఉండకూడదని మేము అనడం లేదు. ఆయనకూ ఓటుంది, మనకూ ఓటుంది. రామారావు గారు 1982 మార్చిలో పార్టీ పెట్టి, చైతన్యరథం ఎక్కి ఊరూరా తిరిగారు. చిరంజీవి గారు 2008లో తిరుపతిలో సభ పెట్టి తన పార్టీని ప్రకటించారు. రాజకీయం చెప్పడానికి వాళ్ళు రాజకీయ సభే పెట్టుకున్నారు. విన్నవాళ్ళు రాజకీయం వినడానికే వచ్చారు. నచ్చినవాళ్ళు ఓటేశారు, నచ్చనివాళ్ళు మానేశారు. అందులో తప్పు పట్టేదేమీ లేదు. మా పేచీ వేరే పని కోసం పిలిచిన సభలో, వేరే పని కోసం వచ్చిన జనం ముందు, ఎదురు ప్రశ్న అడిగే వీలు లేని చోట రాజకీయం విసిరి వెళ్ళిపోయేవాళ్ళతో. వాళ్ళు మాట విసిరి కారెక్కుతారు. దాని దుమారం మన మీద పడుతుంది. ఎలా పడుతుందో మూడు సందర్భాలు చెబుతాం. మూడూ మీకు తెలిసినవే. కాకపోతే ఆ రోజుల్లో పొలాల్లో ఏం జరుగుతోందో పక్కన పెట్టి చూడండి.

మొదటిది 2021 సెప్టెంబర్ 25. హైదరాబాద్‌లో ‘రిపబ్లిక్’ సినిమా సభ. ఆ సినిమా హీరో బైకు ప్రమాదంలో గాయపడి అప్పటికి రెండు వారాలుగా ఆసుపత్రిలో ఉన్నాడు. అతని తరఫున వచ్చిన పవన్ కల్యాణ్ గారు సినిమా టికెట్లను ప్రభుత్వమే ఆన్‌లైన్‌లో అమ్మే విషయం మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాన్ని దులిపేశారు. మంత్రులు తిరిగి దులిపారు. ఆ పైన సినిమావాళ్ళు సినిమావాళ్ళను తిట్టుకున్నారు. వ్యక్తుల మాటలు పరిశ్రమ మాట కాదని చివరికి ఫిలిం చాంబర్ చెప్పుకోవలసి వచ్చింది.

ఇప్పుడు ఆ తేదీ పక్కన మన క్యాలెండర్ పెట్టండి. మర్నాడు, అంటే 26 సాయంత్రం, గులాబ్ తుపాను ఉత్తరాంధ్ర తీరాన్ని తాకింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వరి నీట మునిగింది. ఆ తర్వాతి రోజు, 27న, మూడు వ్యవసాయ చట్టాలకు రాష్ట్రపతి ఆమోదం పడి ఏడాది అయిన సందర్భంగా సంయుక్త కిసాన్ మోర్చా భారత్ బంద్. రాష్ట్ర ప్రభుత్వం కూడా ఆ బంద్‌కు మద్దతు ప్రకటించింది. తుపాను, బంద్ రెండూ కలిసి వచ్చిన ఆ రోజుల్లో సాయంత్రం టీవీ పెడితే మనకు కనబడింది ఏమిటి? టికెట్ ధర గురించి గంటల తరబడి చర్చ. సినిమా టికెట్‌కు ధర ఎవరు నిర్ణయించాలి అని అంతమంది పెద్దమనుషులు గొంతు చించుకున్నారు. ధాన్యానికి ధర ఎవరు నిర్ణయించాలి అని మనం రోడ్డెక్కిన రోజున ఆ ప్రశ్నకు చోటు దొరకలేదు.

రెండోది 2023 ఏప్రిల్ 28. విజయవాడ పక్కన పోరంకిలో రామారావు గారి శతజయంతి సభ. ఆయన ప్రసంగాల పుస్తకాలు విడుదల చేశారు. ముఖ్య అతిథి రజనీకాంత్ గారు. సభను చూస్తే రాజకీయం మాట్లాడాలని ఉంది గానీ అనుభవం వద్దంటోందని ఆయనే అన్నారు. అని, ఆ వెంటనే చంద్రబాబు గారిని ఆకాశానికెత్తారు. చనిపోయిన మనిషి నూరేళ్ళ పండుగలో బతికున్న నాయకుడికి యోగ్యతాపత్రం ఇచ్చారు. ఇక అవతలి పార్టీవాళ్ళు ఊరుకుంటారా? పొరుగు రాష్ట్రం నుంచి అతిథిగా వచ్చిన పెద్దమనిషిని నానా మాటలూ అన్నారు. ఆ మాటలకు క్షమాపణ చెప్పాలని ఇవతలివాళ్ళు పట్టుబట్టారు. కొన్ని రోజులు అదే గోల. రామారావు గారి ప్రసంగాల్లో ఏముందో మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఆ రోజులు మనకు ఎలా గడిచాయో గుర్తు చేసుకోండి. ఏప్రిల్ చివర, మే మొదట్లో అకాల వర్షాలు. కృష్ణా, గోదావరి జిల్లాల్లో రబీ ధాన్యం కళ్ళాల్లో తడిసింది. మొక్కజొన్న తడిసింది, ఆరబోసిన మిర్చి తడిసింది. తెలంగాణలోనూ అదే కథ. కొనుగోలు కేంద్రాల ముందు వడ్లు మొలకలెత్తాయి. ఆ ఏడాది సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటా 2,040 రూపాయలు. అంటే 75 కిలోల బస్తాకు 1,530. తేమ 17 శాతం దాటకూడదని నిబంధన. నాలుగు రోజులు వరసగా వాన పడితే ఏ రైతు 17 శాతం చూపించగలడు? తేమ పేరు చెప్పి, రంగు పేరు చెప్పి, నూక పేరు చెప్పి తరుగు తీస్తుంటే, బరకాలు కప్పుకుని రోడ్డు పక్కన రాత్రిళ్ళు కాపలా కాశాం. ఆ వారంలో మనకు కావలసింది ఒకే ఒక్క ముక్క: తడిసిన ధాన్యం ఏ కొర్రీ లేకుండా కొంటారా, కొనరా? అది గట్టిగా అడగవలసిన ప్రతిపక్షం, జవాబు చెప్పవలసిన ప్రభుత్వం ఒక నటుడి పొగడ్త మీద కుస్తీ పట్టాయి. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

మూడోది 2025 ఫిబ్రవరి. ‘లైలా’ అనే సినిమా విడుదలకు ముందు సభ. నటుడు పృథ్వీరాజ్ గారు సినిమాలో ఏదో సన్నివేశం చెబుతున్నట్టుగా, మొదట 150 మేకలుంటే చివరికి 11 మిగిలాయని అన్నారు. అది ఏ పార్టీ సీట్ల లెక్కో చిన్నపిల్లవాడికి కూడా అర్థమవుతుంది. ఆ పార్టీ అభిమానులు సినిమానే బహిష్కరిస్తామన్నారు. ఆ మాటతో సంబంధం లేని హీరో మర్నాడు పత్రికలవాళ్ళ ముందుకొచ్చి క్షమాపణ చెప్పుకున్నాడు. ఆ సినిమాకు కరెంటు పని చేసినవాడు, కుట్టుపని చేసినవాడు, భోజనాలు వండినవాడు, వీళ్ళెవరూ ఆ చమత్కారం అడగలేదు. కానీ నష్టం వాళ్ళందరి మీదా పడింది. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడమంటే ఇదే.

అదే ఫిబ్రవరిలో మిర్చి ధర కుప్పకూలింది. అంతకు ముందు ఏళ్ళలో క్వింటా ఇరవై వేలు చూసిన రైతు గుంటూరు యార్డులో పది, పదకొండు వేలకు అమ్ముకుని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఎకరాకు లక్షన్నర, రెండు లక్షలు పెట్టిన పంట అది. కోత కూలి కూడా రాదని కాయ చెట్టుమీదే వదిలేసినవాళ్ళున్నారు. ఫిబ్రవరి చివర్లో గానీ కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద 11,781 రూపాయల ధర ప్రకటించలేదు. మేకల లెక్క మీద జరిగినంత చర్చ ఈ 11,781 మీద జరిగిందా? ఏ ఖర్చు లెక్కేసి ఆ అంకె తెచ్చారని ఏ చానలైనా నిలదీసిందా?

ఇక్కడ ఒక మాట. ఆ తుపాను, ఆ వానలు, ఆ ధర పతనం నటుల వల్ల వచ్చాయని మేము అనడం లేదు. వాళ్ళు నోరు మూసుకుని ఉంటే టీవీలు వెంటనే కళ్ళాల దగ్గరికి పరిగెత్తుకొస్తాయన్న భ్రమ కూడా మాకు లేదు. కానీ ఒకటి గమనించండి. పాలకుడికి, ప్రతిపక్షానికి, చానలుకు ముగ్గురికీ ఇటువంటి గొడవ తేలిక. దీనికి ఫైలు కదపనక్కరలేదు, పైసా విడుదల చెయ్యనక్కరలేదు, ఊరికి పోనక్కరలేదు. ఒకరు మాట తూలితే ఇంకొకరు మాట తూలితే సరిపోతుంది. తడిసిన ధాన్యం గురించి మాట్లాడాలంటే లెక్కలు తెలియాలి, డబ్బు కావాలి, మిల్లరుతో తగువు పెట్టుకోవాలి. సులువైన గొడవ చేతికి అందిస్తే కష్టమైన గొడవ ఎవరు నెత్తికెత్తుకుంటారు? నటుడు చేస్తున్న తప్పు అక్కడుంది. తప్పించుకోవాలని చూసేవాళ్ళకు ఆయన దారి చూపిస్తున్నాడు.

మంచి మాట చెప్పినా ఇదే గతి. 2023 ఆగస్టులో ‘వాల్తేరు వీరయ్య’ రెండు వందల రోజుల సభలో చిరంజీవి గారు, సినిమా పరిశ్రమ మీద పడడం మాని ప్రత్యేక హోదా, ప్రాజెక్టులు, రోడ్లు, ఉద్యోగాల సంగతి చూడండని ప్రభుత్వానికి చెప్పారు. ప్రాజెక్టుల సంగతి చూడమన్నది మన మాటే కదా. మేమూ విని సంతోషించాం. కానీ తర్వాత ఏమైంది? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని ఆయన వాడిన సామెత ఒక్కటే మిగిలింది. పిచ్చుక ఎవరు, అస్త్రం ఎవరిది అని వాదులాట. ప్రాజెక్టులు ఎక్కడివక్కడే ఉన్నాయి. చెప్పింది సినిమా సభలో గనక, సినిమా తగాదాగానే అది ముగిసింది. అదే మాట ఒక ప్రాజెక్టు గట్టు మీద, నిర్వాసితుల మధ్య నిలబడి చెప్పి ఉంటే వేరుగా ఉండేది.

ఇక మన వైపు తప్పు కూడా ఒప్పుకోవాలి. 2021 ఫిబ్రవరి మొదట్లో రిహానా అనే విదేశీ గాయని ఢిల్లీ సరిహద్దులో రైతుల గురించి ఒక ట్వీట్ పెట్టింది. దీని గురించి మనం ఎందుకు మాట్లాడటం లేదని ఒక్క వాక్యం. అంతకు ముందు ఆమె పాట మనలో ఎవరమూ వినలేదు. అయినా ఎగిరి గంతేశాం. మర్నాడు ఏం జరిగింది? విదేశాంగ శాఖ ప్రకటన ఇచ్చింది. సచిన్ టెండూల్కర్ మొదలు అక్షయ్ కుమార్ దాకా ఒకే నినాదం తగిలించి బయటివాళ్ళ జోక్యం వద్దని వరసగా ట్వీట్లు పెట్టారు. అప్పుడు మనకు ఒళ్ళు మండింది. చలిలో రెండు నెలలుగా రైతులు చచ్చిపోతుంటే నోరెత్తనివాళ్ళకు ఇప్పుడు దేశం గుర్తొచ్చిందా అని తిట్టాం. ఆ తిట్టులో న్యాయం ఉంది. కానీ మనకు అనుకూలంగా ఉంటే స్వేచ్ఛ, ఎదురుగా ఉంటే అనవసర జోక్యం అనడం న్యాయం కాదు. అంతకంటే ముఖ్యం, ఆ వారం చర్చ మద్దతు ధర మీద నుంచి దేశం పరువు మీదికి జారిపోయింది. ప్రభుత్వానికి కావలసింది కూడా అదే.

ఆ ట్వీట్ వల్ల ఉపయోగం లేదా అంటే, ఉంది. ప్రపంచం చూసింది. కాదనం. కానీ చట్టాలు వెనక్కి పోయింది దానివల్ల కాదు. 2020 నవంబర్ 26 నుంచి సింఘు, టిక్రీ, ఘాజీపూర్ దగ్గర ట్రాలీల కింద పడుకున్నవాళ్ళ వల్ల పోయాయి. వంటలు చేసిన ఆడవాళ్ళ వల్ల పోయాయి. ఏడు వందల మందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారని మోర్చా చెప్పింది. వాళ్ళ వల్ల పోయాయి. ప్రధాని 2021 నవంబర్ 19న ప్రకటించారు, 29న పార్లమెంటు రద్దు చేసింది. ఏ తార వచ్చినా, ఏ తార తిట్టినా కదలకుండా కూర్చున్నారు కాబట్టి గెలిచారు.

ఆ సింఘు దగ్గరే ఇంకో దృశ్యం ఉంది. 2020 డిసెంబర్ మొదట్లో పంజాబీ గాయకుడు దిల్జీత్ దోసాంజ్ అక్కడికి వచ్చాడు. మాట్లాడడానికి కాదు, వినడానికి వచ్చానన్నాడు. రైతుల మధ్య కూర్చున్నాడు. రైతులు అడిగింది ఇవ్వండని ప్రభుత్వాన్ని కోరాడు. చలిదుస్తులకు కోటి రూపాయలిచ్చాడని బయటికి చెప్పింది కూడా అతను కాదు, ఇంకొకరు. అలాగే పవన్ కల్యాణ్ గారినే తీసుకోండి. 2022లో ఆత్మహత్య చేసుకున్న కౌలు రైతుల కుటుంబాల దగ్గరికి వెళ్ళి ఇంటికి లక్ష చొప్పున ఇచ్చారు. గుర్తింపు కార్డు లేదని ప్రభుత్వం లెక్కలోకే రాని కౌలు రైతు సంగతి దాంతో కొన్నాళ్ళు వార్తల్లోకి వచ్చింది. ఆ యాత్రలో ఆయన రాజకీయమూ మాట్లాడారు. మాట్లాడనివ్వండి, అది ఆయన పార్టీ పెట్టుకున్న సభ, దాని విషయమే కౌలు రైతు. అదే మనిషి, రెండు వేదికలు. ఏది ఎవరికి పనికొచ్చిందో మీరే చెప్పండి.

ఇప్పుడు మన సొంత అనుభవం. కొత్తవాళ్ళకు తెలియదు, పాతవాళ్ళు మరిచిపోలేదు. కొన్నేళ్ళ కిందట కాలువ నీటి కోసం మేము పెట్టిన సభకు ఒక నటుణ్ణి పిలిచాం. పేరు అనవసరం. పది గంటల సభకు ఒంటిగంటన్నరకు వచ్చాడు. ఎండలో జనం కూర్చున్నారు. పక్క ఊళ్ళ కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళ మీద వచ్చి ఈలలు వేశారు. ఆయన మైకు పట్టుకుని చివరి భూములకు నీరందడం లేదన్న మాట ఒక నిమిషం చెప్పి, మిగతా అరగంట ఒక పార్టీని తిట్టి ఇంకో పార్టీని పొగిడి, సెల్ఫీలు ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆయనతోపాటే సగం జనం లేచిపోయారు. ఆ రోజు మాట్లాడవలసిన వాళ్ళలో ఒక పెద్దావిడ ఉంది. కాలువ చివర ఎకరంన్నర కౌలు చేసుకునే మనిషి. రెండు సార్లు నారు పోసి రెండు సార్లూ ఎండబెట్టుకుంది. చెప్పాల్సింది కాగితం మీద మనవడి చేత రాయించుకుని వచ్చింది. ఆమె వంతు వచ్చేసరికి టెంటు విప్పుతున్నారు. “మళ్ళీ సభకు చెబుతాలే అయ్యా” అని కాగితం మడిచి కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె మన సభకు రాలేదు.

మర్నాడు పేపర్లో ఆ నటుడి ఫొటో, ఆయన తిట్టు. కాలువ పేరు లేదు. ఇరిగేషన్ అధికారికి ఇవ్వవలసిన అర్జీ ఇవ్వడానికి వెళితే, మీరు ఆ పార్టీవాళ్ళా అని అడిగాడు. అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. తిట్టు తిన్న పార్టీని అభిమానించే రైతులు మన సంఘంలోనూ ఉన్నారు. వాళ్ళలో రెండు ఊళ్ళవాళ్ళు సభ్యత్వం రెన్యువల్ చెయ్యలేదు. తిరిగి తెచ్చుకోవడానికి మూడేళ్ళు ఇంటింటికీ తిరిగాం. కొందరు ఇప్పటికీ రాలేదు.

అసలు ప్రమాదం ఇదీ. మన సంఘంలో అన్ని పార్టీల రైతులూ ఉన్నారు. ఎన్నికలప్పుడు ఎవరి ఓటు వారిది. కానీ కాలువకు నీళ్ళు రాకపోతే అందరి చేనూ ఒకేలా ఎండుతుంది. తేమ మిషను ఎవరి జెండా ఏదో చూసి అంకె చూపించదు. ఆ ఒక్క తాడు మీదే సంఘం నిలబడి ఉంది. మైకు పట్టుకుని అరగంట మాట్లాడి వెళ్ళిపోయే మనిషికి ఆ తాడు కనబడదు. ఆయన చేతిలో కత్తి ఉందని ఆయనకే తెలియదు.

కాబట్టి మేము మహాసభ ముందు పెట్టబోయే తీర్మానం ఇది.

ఒకటి: మన సభలో మొదటి మైకు రైతుది. కౌలు రైతులు, మహిళా రైతులు, వ్యవసాయ కూలీలు మాట్లాడిన తర్వాతే అతిథులు.

రెండు: అతిథి ఎవరైనా, నటుడైనా, ఆటగాడైనా, విశ్రాంత అధికారైనా, సభ విషయం మీదే మాట్లాడాలి. ఈ సంగతి పిలిచేటప్పుడే చెప్పాలి. పార్టీల పొగడ్త, తిట్టు మొదలుపెడితే అధ్యక్షుడు మర్యాదగా ఆపాలి. ఆపే ధైర్యం లేకపోతే పిలవకూడదు.

మూడు: మాట్లాడిన అతిథి వెంటనే వెళ్ళకూడదు. సభలోవాళ్ళు అడిగే అయిదు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. జవాబు తెలియకపోతే తెలియదని చెప్పవచ్చు, అందులో తప్పు లేదు.

నాలుగు: వేరే సభల్లో ఏ నటుడు ఏ పార్టీని ఏమన్నా మన సంఘం పేరు మీద ఖండన గానీ హర్షం గానీ ప్రకటించకూడదు. మన వాట్సాప్ గ్రూపుల్లో ఆ వీడియోలు తిప్పకూడదు. ఎరువుల కొరత గురించి పెట్టిన కబురు కింద సినిమా తగువు వంద మెసేజీలు నడవడం మన చేతులారా చేసుకుంటున్నదే.

నటులకు కూడా మా మనవి ఒకటి. అయ్యా, రైతుల మీద మీకు ప్రేమ ఉంటే సంతోషం. రైతు కథతో సినిమాలు తీశారు, చూశాం, కన్నీళ్ళు పెట్టుకున్నాం. కానీ మా మాట చెప్పాలంటే మా చోటికి రండి. ఏప్రిల్‌లో కొనుగోలు కేంద్రానికి రండి, ఫిబ్రవరిలో మిర్చి యార్డుకు రండి. గంట కూర్చుని వినండి. తర్వాత మీకు ఏ ప్రభుత్వాన్ని తిట్టాలనిపిస్తే ఆ ప్రభుత్వాన్ని తిట్టండి. అప్పటికి ఎందుకు తిడుతున్నారో మీకు తెలిసి ఉంటుంది. రాజకీయమే చేయాలనుకుంటే జెండా పట్టుకుని రండి, ఓటు అడగండి, ప్రశ్న ఎదుర్కోండి. అంతేగాని పాటల పండుగకు, పుట్టినరోజుకు, సంస్మరణకు పిలిచిన జనాన్ని అడ్డం పెట్టుకుని రాళ్ళు విసరకండి.

ఇక ఖాళీ కుర్చీల సంగతి. ఆ కుర్రాడు చెప్పిన బాధ నిజం, దానికి జవాబు మేమే చెప్పాలి. హీరో తెచ్చే అయిదు వేల మంది హీరోతోనే పోతారు. మన గ్రామ కమిటీలు ఒక్కొక్కటి ఇరవై మందిని తెస్తే వాళ్ళు తీర్మానం దాకా ఉంటారు, కలెక్టరేట్ దాకా నడుస్తారు. అది కష్టం. ఈ నెలంతా తిరగాలి. కోతలకు ముందే తిరగాలి. మేము మొదలుపెట్టాం. కాలువ చివరి ఊళ్ళతో మొదలుపెట్టాం. ఆ పెద్దావిడ ఇంటికి కూడా వెళ్ళాం. ఈసారి నీ పేరే మొదట పిలుస్తాం అమ్మా అని చెప్పాం. చూద్దాంలే అంది.

ఆమె వస్తుందో రాదో మన చేతుల్లో ఉంది. తీర్మానం మీద మీ అభిప్రాయం గ్రామ కమిటీ సమావేశంలో చర్చించి, ఈ నెలాఖరులోగా జిల్లా కమిటీకి రాసి పంపండి. ఒప్పుకోనివాళ్ళు తప్పకుండా రాయండి.